చేతిలోని డబ్బును పన్ను లేని పొదుపులోకి, పింఛను ఖాతాల్లోకి మార్చుకోవడం: శ్రీకాకుళం, విజయనగరం కుటుంబాలకు సమగ్ర మార్గదర్శి

ఉద్దానంలో జీడిపిక్కలు అమ్మిన సొమ్ము, ధాన్యం తూచిన తరువాత ఖాతాలో పడే సొమ్ము, సైన్యం నుంచి పదవీ విరమణ చేసి వచ్చినవారి గ్రాట్యుటీ, గల్ఫ్ దేశాల నుంచి ఇంటికి పంపే జీతం, ఇవన్నీ మన రెండు జిల్లాల్లో కుటుంబాల చేతికి విడతల వారీగా, పెద్ద మొత్తాల్లో అందుతాయి. అందిన తరువాత వాటిలో చాలా భాగం బీరువాలోనో, పొదుపు ఖాతాలోనో ఏళ్ల తరబడి ఉండిపోతుంది. భారతీయ స్టేట్ బ్యాంకు 2025 జూన్ నుంచి పొదుపు ఖాతాపై ఇస్తున్న వడ్డీ 2.5 శాతం. అదే డబ్బు పీపీఎఫ్ (పబ్లిక్ ప్రావిడెంట్ ఫండ్, ప్రభుత్వం నడిపే 15 ఏళ్ల పొదుపు పథకం) ఖాతాలో ఉంటే 2025-26లో వచ్చిన వడ్డీ 7.1 శాతం, పైగా ఆ వడ్డీపై పన్ను లేదు. 5 లక్షల రూపాయల మీద ఈ తేడా ఏడాదికి 23,000 రూపాయలు.

పన్ను ఆదా అనగానే చాలామందికి మార్చి నెలలో హడావుడిగా కట్టే బీమా ప్రీమియం గుర్తుకు వస్తుంది. ఆ అలవాటు పాత పన్ను విధానం నాటిది. ఇప్పుడు జీతగాళ్లలో ఎక్కువమందికి డబ్బు జమ చేసినందుకు దొరికే మినహాయింపు వల్ల ఒరిగేది లేదు, జమ చేసిన డబ్బుపై వచ్చే వడ్డీకి, చివర చేతికి వచ్చే మొత్తానికి పన్ను లేకపోవడమే అసలైన లాభం. అందుచేత ఖాతాను ఎంచుకునేటప్పుడు ముందు ఆ డబ్బు ఎప్పుడు కావాలో చూసుకోవాలి, ఆ తరువాతే పన్ను సంగతి చూడాలి. ఈ మార్గదర్శి మొత్తం ఆ క్రమంలోనే సాగుతుంది.

మొదటి అడుగు: ఏ డబ్బు కదిలించకూడదో తేల్చుకోవడం

ఒక కాగితం తీసుకుని ఇంట్లో ఉన్న నగదు, అన్ని బ్యాంకు ఖాతాల్లోని నిల్వలు, ఫిక్స్‌డ్ డిపాజిట్లు, చీటీల్లో కట్టిన మొత్తం, ఇతరులకు చేబదులుగా ఇచ్చినది రాయండి. దాని పక్కనే అప్పులు రాయండి. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు అంటే ఏడాదికి 24 శాతం. అలాంటి అప్పు ఇంట్లో ఉండగా 7 శాతం వచ్చే ఖాతాలో డబ్బు వేయడం నష్టమే కాబట్టి ముందుగా దానిని తీర్చాలి. బంగారం తాకట్టు అప్పు, క్రెడిట్ కార్డు బాకీ కూడా ఇదే కోవలోకి వస్తాయి. ఇంటి రుణం, చదువు రుణం వంటి తక్కువ వడ్డీ అప్పులను మాత్రం యథావిధిగా వాయిదాల్లో తీర్చుకోవచ్చు.

అప్పులు పోగా మిగిలిన దానిలో అత్యవసర నిధిని పక్కన పెట్టాలి. నెల జీతం వచ్చే కుటుంబానికి ఆరు నెలల ఖర్చు సరిపోతుందని సాధారణంగా చెబుతారు. తోటల మీద, వేట మీద ఆధారపడిన కుటుంబాలకు అది చాలదని నా అభిప్రాయం. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస, వజ్రపుకొత్తూరు ప్రాంతాల్లో కొబ్బరి, జీడి చెట్లను కూల్చివేసింది. కూలిన చెట్టు స్థానంలో నాటిన మొక్క కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది, ఆ ఏళ్లన్నీ ఇల్లు గడవాలి. కాబట్టి అటువంటి ఇళ్లలో కనీసం ఏడాది ఖర్చు చేతికందేలా ఉండాలి. ఉద్దానం మండలాల్లో మూత్రపిండాల వ్యాధితో బాధపడేవారు ఉన్న ఇళ్లలో వైద్యానికీ, విశాఖపట్నం రాకపోకలకూ అయ్యే ఖర్చును దీనికి అదనంగా లెక్కవేసుకోవాలి. ఈ నిధిని పొదుపు ఖాతాలో కొంత, ఎప్పుడైనా రద్దు చేసుకోగల చిన్న చిన్న ఫిక్స్‌డ్ డిపాజిట్లుగా కొంత ఉంచాలి. 5 లక్షల డిపాజిట్ ఒకటి వేయడం కంటే లక్ష చొప్పున ఐదు వేస్తే, అవసరం వచ్చినప్పుడు ఒక్కదానిని మాత్రమే రద్దు చేసుకుంటే సరిపోతుంది.

రాబోయే మూడేళ్లలో ఖాయంగా అవసరమయ్యే సొమ్మును, అంటే స్లాబు వేయడానికి, పెళ్లికి, కాలేజీ ఫీజుకు ఉద్దేశించినదానిని, దీర్ఘకాలిక ఖాతాల్లో పెట్టకూడదు. దానికి బ్యాంకు డిపాజిట్ చాలు. మిగిలినది మాత్రమే తరువాతి అడుగులకు పనికివస్తుంది.

రెండవ అడుగు: నగదును లెక్కలోకి తేవడం

బీరువాలోని నగదు ముందు బ్యాంకు ఖాతాలోకి రావాలి. దీని గురించి అనవసరమైన భయాలు చాలా ఉన్నాయి. సక్రమంగా సంపాదించిన నగదును ఖాతాలో వేయడం తప్పు కాదు, అది ఎక్కడి నుంచి వచ్చిందో అడిగినప్పుడు కాగితంతో చూపించగలగాలి, అంతే. ఒక ఆర్థిక సంవత్సరంలో ఒక వ్యక్తి పొదుపు ఖాతాల్లో నగదుగా 10 లక్షలు గాని అంతకు మించి గాని వేస్తే బ్యాంకు ఆ సమాచారాన్ని ఆదాయపు పన్ను శాఖకు పంపుతుంది. మొత్తాన్ని ముక్కలు చేసి రోజుకు కొంత చొప్పున వేసినా ఏడాది లెక్క కలిపే చూస్తారు. కాబట్టి అలా చేయడం వల్ల ప్రయోజనం లేదు, పైగా అనుమానానికి తావిచ్చినట్లవుతుంది.

వ్యవసాయ ఆదాయంపై కేంద్ర ఆదాయపు పన్ను లేదు. సొంత తోటలో కాసిన జీడిపిక్కలను, కొబ్బరికాయలను అమ్మితే వచ్చేది వ్యవసాయ ఆదాయం. ఆ పిక్కలను ఇతరుల దగ్గర కొని, ఫ్యాక్టరీలో పప్పు తీయించి అమ్మితే వచ్చేది వ్యాపార ఆదాయం, దానిపై పన్ను ఉంటుంది. ఈ రెండింటినీ కలిపేసి చెప్పడం వల్లే పలాస వైపు కొన్ని కుటుంబాలకు చిక్కులు వస్తుంటాయి. పట్టాదారు పాసు పుస్తకం, 1బి నకలు, కొన్న వ్యాపారి ఇచ్చిన రసీదు, కాటా చీటీ, ఇవన్నీ ఒక కవరులో ఉంచుకోవాలి. జీతం నుంచి తీసి ఇంట్లో దాచుకున్న నగదు అయితే, ఆ తీసిన తేదీలు కనిపించే పాత పాసు పుస్తకాలను పారవేయకూడదు. బంధువులు ఇచ్చిన సొమ్ము అయితే ఒక కాగితంపై బహుమతి అని రాయించి ఇద్దరూ సంతకం చేసి ఉంచుకోవడం మంచిది.

ఇదే సమయంలో పేర్లు సరిచూసుకోవాలి. మన వైపు ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా, పాన్ కార్డులో ఒక్క అక్షరంగా, బ్యాంకు పుస్తకంలో చివర ఉండడం సర్వసాధారణం. పొదుపు పథకాల ఖాతాలకు 2023 నుంచి ఆధార్, పాన్ రెండూ కావాలి. పేరు తేడా ఉంటే ఖాతా తెరిచే రోజు కన్నా, డబ్బు తీసుకునే రోజున, అందునా ఖాతాదారు మరణించిన తరువాత కుటుంబం అడిగే రోజున ఎక్కువ కష్టం అవుతుంది. పాన్‌ను ఆధార్‌తో అనుసంధానం చేయకపోతే పాన్ పనిచేయదు, అప్పుడు వడ్డీ నుంచి కోసే పన్ను రేటు పెరుగుతుంది. ఇప్పటికీ చాలా ఇళ్లలో ఆంధ్రా బ్యాంకు పాసు పుస్తకాలే ఉన్నాయి. ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమైంది కాబట్టి, నెలనెలా డబ్బు దానంతట అదే వెళ్లేలా ఏర్పాటు చేసుకునే ముందు కొత్త ఐఎఫ్ఎస్సీ కోడ్ ఉన్న పుస్తకం తీసుకోవాలి.

మూడవ అడుగు: మీది ఏ పన్ను విధానమో లెక్కవేసుకోవడం

2023-24 నుంచి, మనం ఏదీ ఎంచుకోకపోతే కొత్త పన్ను విధానమే వర్తిస్తుంది. పాతది కావాలంటే ప్రత్యేకంగా ఎంచుకోవాలి. 2025-26 ఆదాయానికి కొత్త విధానంలో 4 లక్షల వరకు పన్ను లేదు, ఆపైన 4 లక్షలకొక మెట్టు చొప్పున 5, 10, 15, 20, 25 శాతాలు, 24 లక్షలు దాటితే 30 శాతం. పన్ను వర్తించే ఆదాయం 12 లక్షల లోపు ఉంటే రిబేటు వల్ల పన్ను సున్నా అవుతుంది. జీతగాళ్లకు 75,000 రూపాయల ప్రామాణిక తగ్గింపు కూడా ఉంది కాబట్టి 12,75,000 వరకు జీతం ఉన్నవారు పన్ను కట్టనక్కరలేదు. అయితే కొత్త విధానంలో 80సి సెక్షన్ కింద (పీపీఎఫ్, బీమా వంటివాటిలో కట్టినందుకు) వచ్చే 1,50,000 మినహాయింపు గాని, ఎన్‌పీఎస్‌కు (జాతీయ పింఛను పథకానికి) సొంతంగా కట్టినందుకు వచ్చే అదనపు 50,000 మినహాయింపు గాని లేవు. 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ల అంకెలు మారాయి. ఇక్కడ మాత్రం అందరికీ తెలిసిన పాత అంకెలనే వాడుతున్నాను.

15 లక్షల జీతం ఉన్న ఒక ఉద్యోగిని ఉదాహరణగా తీసుకుందాం. కొత్త విధానంలో పన్ను వర్తించే ఆదాయం 14,25,000, సెస్సుతో కలిపి పన్ను 97,500. అదే ఉద్యోగి పాత విధానంలో 80సి కింద పూర్తిగా 1,50,000, ఎన్‌పీఎస్‌లో 50,000, ఇంటి రుణ వడ్డీ కింద 2,00,000 చూపించుకున్నా, 50,000 ప్రామాణిక తగ్గింపు పోగా 10,50,000 మీద సెస్సుతో కలిపి 1,32,600 కట్టాలి. అన్నీ చూపించుకున్నా కొత్త విధానమే 35,100 రూపాయలు తక్కువ. ఇంటి అద్దె భత్యం వంటి మినహాయింపులు కూడా పెద్ద మొత్తంలో ఉన్నవారికి తప్ప పాత విధానం లాభించడం అరుదు. జీతగాళ్లు ఏటా విధానం మార్చుకోవచ్చు. వ్యాపార ఆదాయం ఉన్నవారు కొత్త విధానం వదిలి బయటకు వెళ్లి, తిరిగి వచ్చిన తరువాత మళ్లీ పాతదానికి వెళ్లలేరు కాబట్టి వారు తొందరపడకూడదు.

ఈ లెక్క చేసిన తరువాత ఒక్క విషయం గట్టిగా గుర్తుంచుకోవాలి. పీపీఎఫ్, ఆడపిల్లల కోసం ఉన్న సుకన్య సమృద్ధి ఖాతాల వడ్డీకీ, గడువు తీరినప్పుడు వచ్చే మొత్తానికీ ఉన్న పన్ను మినహాయింపు రెండు విధానాల్లోనూ వర్తిస్తుంది. ‘కొత్త విధానంలోకి మారాను, ఇక పీపీఎఫ్ ఎందుకు’ అని ఖాతాను వదిలేస్తున్నవారు తమకు మిగిలిన పెద్ద లాభాన్నే వదులుకుంటున్నారు. వదిలేయవలసినవి వేరే ఉన్నాయి. అయిదేళ్ల పన్ను ఆదా ఫిక్స్‌డ్ డిపాజిట్ మధ్యలో తీసుకోవడానికి వీలుండదు, దాని వడ్డీపై పన్ను ఉంటుంది, కొత్త విధానంలో జమకు మినహాయింపు లేదు. అటువంటప్పుడు దానికి బదులు మామూలు డిపాజిట్ వేసుకోవడమే మేలు. జాతీయ పొదుపు పత్రాల విషయంలోనూ ఇంచుమించు ఇంతే, వడ్డీ 7.7 శాతం అన్నదొక్కటే వాటికి అనుకూలం.

నాలుగవ అడుగు: పీపీఎఫ్

మన వైపు కుటుంబాలకు పునాదిగా ఉండదగిన ఖాతా ఇదేనని నా అభిప్రాయం. 1968లో మొదలైన ఈ పథకంలో ఏడాదికి కనీసం 500, గరిష్ఠంగా 1,50,000 రూపాయలు వేయవచ్చు. బ్యాంకుల్లోనూ, పోస్టాఫీసుల్లోనూ తెరవవచ్చు. 2020 నుంచి పల్లెల్లోని బ్రాంచి పోస్టాఫీసుల్లో కూడా ఈ సదుపాయం ఉంది, కాబట్టి మందస, భామిని వంటి చోట్ల ఉన్నవారు దీని కోసం పట్నం రానక్కరలేదు. అయితే ఫోనులో నిల్వ చూసుకోవడం, ఆన్‌లైన్‌లో జమ చేయడం అలవాటు ఉన్నవారికి తమ జీతపు ఖాతా ఉన్న బ్యాంకులోనే తెరవడం సులువు. తరువాత పోస్టాఫీసు నుంచి బ్యాంకుకు, బ్యాంకు నుంచి పోస్టాఫీసుకు బదిలీ చేసుకోవచ్చు.

తేదీల సంగతి జాగ్రత్తగా చూడాలి. ప్రతి నెలా 5వ తేదీ ముగిసేసరికి ఉన్న నిల్వకూ, నెలాఖరు నిల్వకూ మధ్య ఏది తక్కువైతే దాని మీదే ఆ నెల వడ్డీ లెక్కిస్తారు. ఏప్రిల్ 5లోగా 1,50,000 వేసినవారికి ఆ ఏడాది ఆ మొత్తంపై 10,650 రూపాయల వడ్డీ వస్తుంది. అదే మొత్తాన్ని మార్చి 31న వేస్తే ఆ ఏడాదికి ఏమీ రాదు. చెక్కు ఇస్తే అది చెల్లుబాటై ఖాతాలో పడడానికి పట్టే సమయం కూడా లెక్కలో ఉంచుకోవాలి.

గడువు లెక్క దీనికి కొంత భిన్నంగా ఉంటుంది. ఖాతా తెరిచిన ఆర్థిక సంవత్సరం ముగిసిన తరువాత 15 ఏళ్లు లెక్కిస్తారు. 2026 మార్చిలో తెరిచిన ఖాతా 2041 ఏప్రిల్ 1న గడువు తీరితే, 2026 ఏప్రిల్‌లో తెరిచినది 2042 ఏప్రిల్ 1న తీరుతుంది. కొద్ది రోజుల తేడాతో ఒక ఏడాది కలిసివస్తుంది. అందుచేత కొత్తగా తెరిచేవారు మార్చిలో తెరిచి, అప్పుడే కొంత వేసి, ఏప్రిల్ 5లోగా కొత్త ఏడాదికి చెందినది వేయడం అన్ని విధాలా మంచిది. చేతిలో పెద్ద మొత్తం ఉన్నవారు ఈ పద్ధతిలో పది రోజుల వ్యవధిలో 3,00,000, భార్యాభర్తలిద్దరి పేర్ల మీద కలిపి 6,00,000 వరకు పన్ను లేని వడ్డీలోకి మార్చుకోవచ్చు. భర్త ఇచ్చిన డబ్బును భార్య వేరేచోట పెట్టుబడి పెడితే దానిపై వచ్చే ఆదాయం భర్త ఆదాయంలో కలుస్తుంది, కానీ పీపీఎఫ్ వడ్డీకి పన్నే లేదు కాబట్టి ఆ చిక్కు ఇక్కడ రాదు. పిల్లల పేరున తెరిస్తే మాత్రం తల్లి లేదా తండ్రి ఖాతాతో కలిపి 1,50,000 దాటకూడదు.

ఏటా ఏప్రిల్ మొదట్లో 50,000 చొప్పున 15 ఏళ్లు వేస్తే, వడ్డీ 7.1 శాతంగానే ఉంటే, చివర చేతికి వచ్చేది సుమారు 13,56,000 రూపాయలు. పూర్తిగా 1,50,000 వేస్తే సుమారు 40,68,000. ప్రభుత్వం ప్రతి మూడు నెలలకు ఒకసారి వడ్డీని సమీక్షిస్తుంది, కానీ ఈ 7.1 శాతం 2020 ఏప్రిల్‌లో నిర్ణయించినదే, 2025-26 అంతటా అలాగే ఉంది.

మధ్యలో అవసరం పడితే దారి లేకపోలేదు. తెరిచిన మూడవ ఆర్థిక సంవత్సరం నుంచి ఆరవ సంవత్సరం వరకు అప్పు తీసుకోవచ్చు, దాని వడ్డీ ఖాతా వడ్డీ కంటే 1 శాతం మాత్రమే ఎక్కువ. ఏడవ సంవత్సరం నుంచి ఏడాదికొకసారి కొంత భాగం తీసుకోవచ్చు. తీవ్రమైన అనారోగ్యం, ఉన్నత విద్య వంటి కారణాలతో అయిదేళ్ల తరువాత మూసివేయవచ్చు, అప్పుడు వడ్డీలో 1 శాతం తగ్గిస్తారు. ఏ ఏడాదైనా కనీస మొత్తం 500 వేయకపోతే ఖాతా నిలిచిపోతుంది, ఏడాదికి 50 రూపాయల అపరాధ రుసుముతో తిరిగి నడిపించుకోవచ్చు. వ్యాపారులకు ఇంకొక రక్షణ ఉంది: అప్పుల వ్యవహారంలో కోర్టు డిక్రీ ఇచ్చినా ఈ ఖాతాలోని డబ్బును జప్తు చేయడానికి వీలులేదు. జీడి ధరల ఒడిదొడుకుల్లో ఫ్యాక్టరీ నడిపేవారి ఇళ్లలో ఇది చిన్న సంగతి కాదు.

కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం వైపు నుంచి విదేశాలకు వెళ్లినవారు ఒక నియమం గమనించాలి. ప్రవాస భారతీయులు కొత్తగా పీపీఎఫ్ తెరవలేరు. వెళ్లకముందు తెరిచినదాన్ని గడువు వరకు కొనసాగించవచ్చు కానీ పొడిగించుకోలేరు. ఇక్కడ ఉన్న భార్య తన పేరున తెరుచుకోవడానికి అభ్యంతరం ఉండదు.

అయిదవ అడుగు: ఇంట్లో ఎవరి వయసుకు ఏది సరిపోతుందో చూడడం

పదేళ్ల లోపు ఆడపిల్ల ఉన్న ఇంట్లో పీపీఎఫ్ కంటే ముందు సుకన్య సమృద్ధి ఖాతా తెరవాలి. 2015 జనవరిలో మొదలైన ఈ పథకానికి 2024 జనవరి నుంచి వడ్డీ 8.2 శాతం. ఏడాదికి కనీసం 250, గరిష్ఠంగా 1,50,000 వేయవచ్చు, కుటుంబానికి ఇద్దరు ఆడపిల్లల వరకు, కవలలైతే మినహాయింపుతో, తెరవవచ్చు. 15 ఏళ్లు జమ చేస్తే చాలు, గడువు తీరేది తెరిచిన 21 ఏళ్లకు. అమ్మాయికి 18 ఏళ్లు నిండిన తరువాత గాని, పదవ తరగతి పూర్తయిన తరువాత గాని పై చదువుకు అంతకుముందు ఏడాది చివరి నిల్వలో సగం వరకు తీసుకోవచ్చు. ఏటా మొదట్లోనే 1,50,000 వేస్తూ వెళితే, వడ్డీ ఇలాగే ఉంటే, 21 ఏళ్లకు సుమారు 71,80,000 అవుతుంది. అంత వేయలేని ఇళ్లలో నెలకు వెయ్యి రూపాయలైనా వేయాలి. పెళ్లి ఖర్చు కోసం అని కాక చదువు కోసం అని మనసులో పెట్టుకుని వేయమని ప్రతి తల్లినీ, తండ్రినీ కోరుతున్నాను, ఆ సగం తీసుకునే వెసులుబాటు ఉన్నది అందుకే.

60 దాటినవారికి వృద్ధుల పొదుపు పథకం ఉంది. 30 లక్షల వరకు వేయవచ్చు, వడ్డీ 8.2 శాతం, మూడు నెలలకొకసారి ఖాతాలో పడుతుంది. 30 లక్షలు వేస్తే ఏడాదికి 2,46,000, అంటే మూడు నెలలకు 61,500. దీని వడ్డీపై పన్ను ఉంది, కానీ వేరే పెద్ద ఆదాయం లేనివారికి కొత్త విధానంలో పన్ను సున్నాయే అవుతుంది. వడ్డీ ఏడాదికి లక్ష దాటితే మూలంలోనే పన్ను కోస్తారు కాబట్టి, పన్ను పడదనుకునేవారు ఏటా ఏప్రిల్‌లోనే ఆ మేరకు స్వీయ ప్రకటన పత్రం ఇవ్వాలి. అయిదేళ్ల గడువును మూడేళ్ల చొప్పున పొడిగించుకోవచ్చు. ఏడాదిలోపు మూసివేస్తే ఇచ్చిన వడ్డీని తిరిగి కోసుకుంటారు. ఆ తరువాత రెండేళ్ల లోపైతే అసలులో 1.5 శాతం, అటుపైన 1 శాతం తగ్గిస్తారు. రక్షణ దళాల నుంచి విరమించినవారు 50 ఏళ్లకే దీనిలో చేరవచ్చు, టెక్కలి, నరసన్నపేట వైపు ఉన్న మాజీ సైనికులలో కూడా ఈ సంగతి తెలియక మామూలు డిపాజిట్లలో ఉంచినవారు ఉండవచ్చు కాబట్టి ఇంట్లో పెద్దలను అడిగి చూడండి.

ఆరవ అడుగు: పింఛను

ఆదాయపు పన్ను కట్టని, 18 నుంచి 40 ఏళ్ల మధ్య ఉన్న కూలీలు, జనపనార మిల్లు కార్మికులు, వేటకు వెళ్లేవారు, చిన్న దుకాణదారులు అటల్ పెన్షన్ యోజనలో చేరవచ్చు. 60 ఏళ్ల తరువాత నెలకు 1,000 నుంచి 5,000 వరకు ఎంచుకున్న పింఛను వస్తుంది. 5,000 కోసం 18 ఏళ్లకు చేరితే నెలకు 210, 30 ఏళ్లకు చేరితే 577, 40 ఏళ్లకు చేరితే 1,454 రూపాయలు కట్టాలి. చందాదారు మరణిస్తే భార్యకు లేదా భర్తకు అదే పింఛను, ఇద్దరి తరువాత నామినీకి 8,50,000 వరకు వస్తుంది. నెలనెలా ఖాతా నుంచి దానంతట అదే పోతుంది కాబట్టి, వేటకో వలసకో వెళ్లే ముందు ఖాతాలో కొన్ని నెలలకు సరిపడా నిల్వ ఉంచి వెళ్లాలి. 2022 అక్టోబరు 1 నుంచి ఆదాయపు పన్ను కట్టేవారు చేరడానికి వీలులేదు.

పన్ను కట్టేవారికి ఎన్‌పీఎస్. 2009 మే నుంచి అందరికీ తెరిచిన ఈ ఖాతాలో కొంత షేర్లలో, కొంత ప్రభుత్వ, కంపెనీ బాండ్లలో పెట్టుబడి ఉంటుంది, నిర్వహణ రుసుములు చాలా తక్కువ. బ్యాంకులో, పోస్టాఫీసులో లేదా ఆన్‌లైన్‌లో తెరిస్తే 12 అంకెల ప్రాన్ సంఖ్య ఇస్తారు. మొదటి శ్రేణి ఖాతాకు ఏడాదికి కనీసం 1,000 వేయాలి. పెట్టుబడి నిష్పత్తి తెలియనివారు వయసును బట్టి షేర్ల భాగం తగ్గుతూ వచ్చే స్వయంచాలక ఎంపికను తీసుకోవచ్చు. మూడేళ్ల తరువాత, చదువు, పెళ్లి, ఇల్లు, వైద్యం వంటి కారణాలకు సొంత చందాలో 25 శాతం వరకు తీసుకోవచ్చు. 60 ఏళ్లకు కనీసం 40 శాతంతో యాన్యుటీ (బీమా సంస్థ క్రమం తప్పకుండా పింఛను ఇచ్చే ఏర్పాటు) కొనాలన్న నియమాన్ని 2025 డిసెంబరులో ప్రభుత్వేతర చందాదారులకు 20 శాతానికి తగ్గించారు, నిధి 8 లక్షల లోపు ఉంటే మొత్తం తీసుకోవచ్చు. ఒకేసారి తీసుకున్నదానిలో నిధి మొత్తంలో 60 శాతం వరకు పన్ను లేదు, యాన్యుటీగా వచ్చే పింఛను మాత్రం ఆదాయంలో కలుస్తుంది.

కొత్త విధానంలో ఉన్నవారికి ఎన్‌పీఎస్‌లో ఒక దారి మిగిలి ఉంది. యజమాని తరఫున జమ చేసే వాటాకు, మూలవేతనం, కరువు భత్యం కలిపినదానిలో 14 శాతం వరకు, కొత్త విధానంలో కూడా మినహాయింపు ఉంది. ప్రైవేటు కంపెనీలో పనిచేస్తూ 12,75,000 దాటి జీతం ఉన్నవారు తమ జీతంలో కొంత భాగాన్ని యజమాని వాటాగా ఎన్‌పీఎస్‌కు మళ్లించగలరేమో మానవ వనరుల విభాగాన్ని అడగాలి. పన్ను పరిమితికి కొంచెం పైన ఉన్నవారికి ఇది చాలా తేడా తెస్తుంది. 2004 సెప్టెంబరు 1 తరువాత చేరిన రాష్ట్ర ప్రభుత్వ ఉపాధ్యాయులు, ఉద్యోగులు సీపీఎస్‌లో (ఉద్యోగి, ప్రభుత్వం ఇద్దరూ వాటా కట్టే పింఛను పథకంలో) ఉన్నారు కాబట్టి వారికి ప్రాన్ ఇప్పటికే ఉంటుంది. ప్రతి నెలా తమ వాటా, ప్రభుత్వ వాటా రెండూ జమ అవుతున్నాయో లేదో ఖాతాలో చూసుకుంటూ ఉండాలి.

షేర్ల ఫండ్ల గురించి తక్కువలో చెప్తాను. మూడేళ్ల నిర్బంధం ఉన్న ఈఎల్ఎస్ఎస్ (పన్ను ఆదా కోసం ఉన్న షేర్ల) ఫండ్లు పాత విధానంలో ఉన్నవారికి మాత్రమే అర్థవంతం, నెలనెలా కట్టే ప్రతి వాయిదాకు మూడేళ్లు విడివిడిగా లెక్కిస్తారని కూడా గుర్తుంచుకోవాలి. కొత్త విధానంలో ఉన్నవారు ఏడెనిమిదేళ్లకు పైగా అక్కరలేని డబ్బుతో మామూలు ఇండెక్స్ ఫండ్ (సూచీలోని షేర్లనే కొనే ఫండ్) తీసుకోవచ్చు. ఏడాది దాటిన లాభంలో ఏడాదికి 1,25,000 వరకు పన్ను లేదు, ఆపైన 12.5 శాతం.

బ్యాంకు కౌంటర్‌లో పీపీఎఫ్ అడిగితే బీమా పాలసీ చూపించడం తరచుగా జరుగుతుంది. ‘అయిదేళ్లు కడితే చాలు’ అన్న మాట వినిపిస్తే, అది డిపాజిట్టా, బీమానా అని సూటిగా అడగండి. బీమా అని తేలితే ఆ రోజు ఏ సంతకమూ చేయకుండా ఇంటికి రండి. కుటుంబ రక్షణకు టర్మ్ పాలసీ (గడువులోపు మరణిస్తేనే కుటుంబానికి డబ్బు ఇచ్చే బీమా) విడిగా, తక్కువ ప్రీమియంతో దొరుకుతుంది.

ఒక ఇంటి లెక్క

విజయనగరంలో 11 లక్షల జీతం ఉన్న ఉద్యోగి, కుట్టుపని చేసే ఆయన భార్య, ఆరేళ్ల పాప ఉన్న ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. పొదుపు ఖాతాల్లో 12,00,000 ఉన్నాయి, నెల ఖర్చు 40,000. బంగారం అప్పు 80,000 ముందు తీర్చాలి. ఆరు నెలల ఖర్చు 2,40,000 చిన్న డిపాజిట్లుగా ఉంచాలి. రెండేళ్లలో పైఅంతస్తు పనికి కావలసిన 2,00,000 బ్యాంకు డిపాజిట్‌లో ఉంచాలి. మిగిలిన 6,80,000లో, మార్చిలో భర్త పీపీఎఫ్‌కు 1,50,000, భార్య పీపీఎఫ్‌కు 1,50,000, పాప సుకన్య ఖాతాకు 1,00,000 వెళతాయి. ఏప్రిల్ 5లోగా భర్తకు మరో 1,50,000, భార్యకు 1,00,000, పాపకు 30,000 వేస్తే మొత్తం సరిపోతుంది. ఈయనకు కొత్త విధానంలో పన్ను లేదు కాబట్టి వీటిలో ఏదీ మినహాయింపు కోసం కాదు. ఇకమీదట నెల జీతంలో మిగిలేదానిని ఎన్‌పీఎస్‌కు గాని, ఇండెక్స్ ఫండ్‌కు గాని పంపవచ్చు, ఆ భాగం ఈ ఇంట్లో ఇంతవరకు లేదు కాబట్టి అది కూడా మొదలుపెట్టాలి.

చివరి అడుగు: కాగితాలు, నామినీ

ప్రతి ఖాతాలోనూ నామినీ నమోదు చేసి, పాసు పుస్తకంలో ఆ నమోదు కనిపించేలా చూసుకోవాలి. పీపీఎఫ్‌లో నలుగురి వరకు పేర్లు రాయవచ్చు. పెళ్లికి ముందు తల్లి పేరు రాసి, పెళ్లి తరువాత మార్చడం మరిచిపోయిన ఖాతాలు ప్రతి ఊరిలోనూ కనిపిస్తాయి. ఏజెంటు చేతికి నగదు ఇచ్చేవారు అదే వారంలో పాసు పుస్తకంలో జమ పడిందో లేదో చూడాలి, పుస్తకాన్ని ఏజెంటు దగ్గర ఉంచకూడదు. ఖాతాల సంఖ్యలు, శాఖల పేర్లు, గడువు తేదీలు ఒక పుస్తకంలో రాసి భార్యకు లేదా భర్తకు, ఎదిగిన పిల్లల్లో ఒకరికి చూపించాలి.

పీపీఎఫ్ గడువు తీరే ఏడాది కూడా ఆ పుస్తకంలో రాసి ఉండాలి. గడువు తరువాత డబ్బు వేస్తూ అయిదేళ్లు కొనసాగించాలనుకుంటే, తీరిన తేదీ నుంచి ఏడాదిలోపు ఫారం 4 ఇవ్వాలి. ఇవ్వకపోతే ఉన్న నిల్వపై వడ్డీ వస్తూనే ఉంటుంది, కొత్తగా జమ చేయడానికి మాత్రం వీలుండదు.